సుబ్బరావమ్మ మాట సురేంద్ర గారి నోట

నా పేరు బందెల జోసఫ్. తండ్రి దేవదానం, లేరు. వయసు నలభై ఏడు. ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. ఉండేది ఒంగోలులో, సొంతూరు పొదిలి దగ్గర. నేను చెప్పేది నాకే వ్యతిరేకంగా వాడవచ్చని మేజిస్ట్రేటు గారు రెండుసార్లు హెచ్చరించారు. అర్థమైంది. ఎవరి బలవంతమూ లేదు.

జాతి వివక్షకు వ్యతిరేకంగా విదేశంలో జరిగే అంతర్జాతీయ సదస్సుకు ప్రభుత్వం నివేదిక పంపాలి. మా జిల్లాలో ఆ ఏర్పాట్లకు సురేంద్ర గారు సమన్వయాధికారి. జూన్‌లో నన్ను ఆయన కింద వేశారు. శాఖలకు ఉత్తరాలు రాయడం, ఊళ్ళలో విచారణలు పెట్టించడం, జనం చెప్పింది టైపు చేయడం నా పని.

జూలై 9న ఉదయం పదకొండింటికి పొదిలిలో విచారణ జరిగింది. మా అమ్మ సుబ్బరావమ్మ వచ్చింది. రమ్మన్నది నేనే. నాన్న పోయినప్పుడు మా దళితవాడ సమాధుల దొడ్డికి పోయే దారిలో మిరపచేను వాళ్ళు ముళ్ళకంచె వేశారు. మీ పల్లె శవం మా గట్టెక్కకూడదన్నారు. నడుంలోతు వాగులో మోసుకెళ్ళాం. పెట్టెలోకి నీళ్ళు చేరి బరువెక్కింది. నాన్న తేలికైన మనిషి.

అమ్మ ఇదంతా చెప్పింది. "బతికుండగా ఆ చేలో కాయలు కోసిన మనిషే గదయ్యా. అప్పుడు మైలపడని గట్టు చచ్చాక ఎట్టా పడింది?" అని అడిగింది. నేను టైపు చేస్తే నాలుగు పేజీలు వచ్చింది. సురేంద్ర గారు, "నీ మాట ప్రపంచమంతా వింటుందమ్మా" అని ఆమె చేత వేలిముద్ర వేయించారు.

ఆగస్టు 4న సాయంత్రం నాలుగూ ఇరవైకి ఆయన దిద్దిన నివేదిక నా చేతికిచ్చారు. నాలుగు పేజీలూ లేవు. "ఊళ్ళో అందరం అన్నదమ్ముల్లా ఉంటున్నామని సుబ్బరావమ్మ అనే వృద్ధురాలు సంతృప్తి వ్యక్తం చేశారు" అని ఒక్క వాక్యం ఉంది. కింద అమ్మ వేలిముద్ర అతికించి ఉంది.

"సార్, ఆమె మా అమ్మండి" అన్నాను.

"తెలుసు జోసఫ్. కులం వేరు, జాతి వేరు. మనింటి గొడవ బయటివాళ్ళకెందుకు? టైపు చెయ్యి."

"తీసేస్తే తీసేయండి సార్. వేలిముద్ర ఎందుకండీ?"

"అదుంటే నమ్ముతారు."

టైపు చేశాను. అక్షరం తప్పు లేకుండా చేశాను.

పైవాళ్ళకు ఫిర్యాదు చేయొచ్చు. చేయలేదు. ఆయన్ని బదిలీ చేస్తే నాకు చాలదు. అమ్మ మాట ఆయన నోటితోనే రావాలనుకున్నాను. సభలో చదివే ఏ కాగితమూ ఆయన ముందుగా చూసుకోరు. చేతిలో పెట్టింది చదువుతారు. పంతొమ్మిది రోజులు ఆగాను.

ఆగస్టు 23న తాడేపల్లిలో ఆ నివేదికలు చదివే సన్నాహక సమావేశం. రాష్ట్ర అధికారులు, విదేశీ ప్రతినిధులు వచ్చారు. పది నలభైకి సురేంద్ర గారు మైకు ముందుకొచ్చారు. ఫైలులో ఆయన దిద్దిన నివేదిక తీసేసి అమ్మ చెప్పిన నాలుగు పేజీలూ పెట్టింది నేనే. అరవై కాపీలు అందరికీ పంచిందీ నేనే. ఆయన చదివేది ఇంగ్లీషులో చెప్పే సైమా గారికి గానీ, ఇంకెవరికి గానీ ఈ సంగతి తెలియదు.

మూడో వాక్యానికి ఆయన నా వంక చూశారు. ఆపడానికి లేదు. కాగితం అందరి చేతుల్లో ఉంది. చదివారు. సైమా గారు మాట మాటా ఇంగ్లీషులో చెప్పారు. గట్టు మైలపడిన మాట కూడా సురేంద్ర గారి నోటే వచ్చింది. మొదటి పేజీ అయ్యాక, "ఏదో పొరపాటు జరిగింది" అన్నారు. ఒక విదేశీ ఆవిడ మిగతాది కూడా చదవమన్నారు. ఆయన నీళ్ళు తాగి దిగిపోయారు.

చివరి వరసలో అమ్మను ముందే కూర్చోబెట్టాను. "అంతటితో ఆపాడేందిరా?" అంది.

రికార్డు తారుమారు చేశానని ఆయన కేసు పెట్టారు. నన్ను సస్పెండ్ చేశారు. కాగితాలు మార్చింది నిజం. పొరపాటున కాదు, పగతో మార్చాను. పశ్చాత్తాపం లేదు. మూడు పేజీలు చదవకుండా మిగిలిపోయాయన్నదొక్కటే నా బాధ. ఆ మూడూ దీనికి జత చేస్తున్నాను. ఫిర్యాది ఆయనే గనుక, నేను పెట్టిన కాగితమేదో ఆయనే కోర్టుకొచ్చి చెప్పాలి. బోనులో నిలబెట్టి ఆ మూడు పేజీలూ ఆయన చేతే చదివించమని నా వకీలుకు చెప్పాను. ఆ రోజు అమ్మ ముందు వరసలో కూర్చుంటుంది.

పైన రాసింది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఒక్క మాట తీయలేదు, ఒక్క మాట కలపలేదు. ఇదంతా నిజమని సంతకం చేస్తున్నాను.

(సంతకం)
బందెల జోసఫ్