పేరు మార్చారు, గొంతు మార్చలేదు

"పేరు మార్చాం కదమ్మా" అంటుందయ్యా ఆ రేడియో పిల్ల! పేరు మారిస్తే సరిపోతుందా బులామా? గొంతు ఎవరు మారుస్తారు? మాటకీ మాటకీ మధ్య నేను దగ్గే ఈ దిక్కుమాలిన దగ్గు ఎవరు మారుస్తారు? ఈ వాడలో ఏ పెళ్ళికి పాట ఎత్తుకోవాలన్నా నన్నేగా పిలిచేది! "ఒక తల్లి మాటలు వినండి" అని రేడియో అనడమేమిటి, టీ కొట్టు దగ్గర మగాళ్ళంతా "ఇది మన యకాకా కదూ!" అనడమేమిటి.

అయ్యో, ఆ ముద్ర లోపల పెట్టెయ్యకండి. నా మాట విని పెట్టుకోండి. వాడకి పెద్ద మీరు, బులామా మీరు. ఆ కాయితం మీద మీ ముద్ర పడితేనే నా కొడుకు కచల్లా శిబిరం గేటు దాటేది. అడవిలో ఆ తుపాకుల మూకతో ఆరేళ్ళున్నాడు, నిజమే. లొంగిపోయాడు. శిబిరంలో వడ్రంగం నేర్చుకున్నాడు. "ఈ వాడ వీణ్ణి రానిస్తుంది" అన్న ఒక్క ముక్క కోసం కూర్చున్నాడక్కడ. పోయిన శుక్రవారం దాకా మీరూ సరేనన్నారుగా? నేను మర్యాదకి తెచ్చిన కోలా గింజలు నమిలారుగా? రేడియో మోగాకే కదా మీ ముఖం ఇలా తయారైంది!

గంటసేపు చెప్పానయ్యా నేను. గంట! ఆ పిల్లకి వేరుశనగలు పెట్టి, టీ పోసి మరీ చెప్పాను. వేసిందెంత? "చెక్‌పోస్టు దగ్గర మా ఆయన్ని అవమానించారు, అందుకే నా కొడుకు వెళ్ళాడు." అంతే. అరనిమిషం. వాడు చేసింది తప్పేనని నేనన్నది ఏది? ధాన్యం బజారులో ఆ మూక పెట్టిన బాంబు పేలి మన పక్కింటి కెల్లూ మొగుడు పోయిన రోజు నేను గుండెలు బాదుకున్నది ఏది? అంతా కోసేశారు.

ఇక జనం ఫోన్లు! ఎక్కడెక్కడి వాళ్ళో! "హంతకుల తల్లులకి మైకులెందుకిస్తున్నారు?" అని ఒకడు. "ఆవిడ చెప్పింది నిజమే, యూనిఫారం వాళ్ళే కారణం" అని ఇంకొకడు. ఆ రెండోవాడు మరీ ప్రమాదం, తెలుసా? నా కొడుక్కి వకాల్తా పుచ్చుకున్నాడు! నేనడిగానా? మధ్యలో ఎరువుల ప్రకటన. మళ్ళీ ఫోన్లు. నా కడుపుకోత మీద వాళ్ళ పంచాయితీ.

ఇంతకుముందు పేపరతను ఒకడొచ్చాడుగా, గుర్తుందా? వాడికి బీదరికం కావాలి. నా కొత్త కెటిల్ తీసి లోపల పెట్టమన్నాడు! చాప కూడా చుట్టెయ్యమన్నాడు, మట్టిలో కూర్చోమన్నాడు. "నాయనా, మేం టోపీలు కుట్టుకునే వాళ్ళం, పస్తులేం లేము" అంటే రాసుకోడే! ఆ తర్వాత వచ్చిన కళ్ళద్దాలాయనకి మతం కావాలి. ఏ గురువు దగ్గర చదివాడు, ఏం బోధించారు? ఒకటే గొడవ. ఎవరి కారణం వాళ్ళు జేబులో వేసుకునే వస్తారయ్యా. మన నోట్లోంచి అది రాలితే చాలు, ఏరుకుని పోతారు.

ఏమిటి? కెల్లూనా? ఆ... అక్కడికే వస్తున్నాను.

వచ్చింది. నిన్న మధ్యాహ్నం. రేడియో మోగిన దగ్గర్నుంచి మా పొయ్యిలో నిప్పు అడగడం మానేసిన మనిషి, దడి దగ్గరికొచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"యకాకా, మా ఆయన్నీ ఆ చెక్‌పోస్టు దగ్గరే మోకాళ్ళ మీద నడిపించారు. అదే ఏడాది. నాకూ ఇద్దరు కొడుకులున్నారు. వాళ్ళెందుకు వెళ్ళలేదు?" అంది.

అంతే అంది. జవాబు కోసం కూడా ఆగలేదు, బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

రాత్రంతా కన్ను మూతపడితే ఒట్టు. ఎంతమంది అడిగారయ్యా నన్ను! మైకు పెట్టి అడిగారు, కాయితాలు పెట్టి అడిగారు. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. అడగాల్సిన మనిషే అడిగింది.

మీకు చెబుతాను. మా ఆయన పోయాడు కాబట్టి, వాడు నిజంగా ఎందుకు వెళ్ళాడో ఇక తెలిసినవాళ్ళం మేమిద్దరమే, నేనూ కచల్లా.

ఆ రోజు చెక్‌పోస్టు వాళ్ళు ఆయన టోపీ తీసి మురుగు కాలవలో పారేశారు. నాలుగు నెలలు కుట్టాను దాన్ని, పచ్చదారం, సన్నపని. మన మగాడికి టోపీ అంటే ఏమిటో మీకు చెప్పాలా? అంత వయసు మనిషి, వట్టి తలతో, బజారంతా చూస్తుండగా ఇంటికి నడిచొచ్చాడు. వెనకాల కచల్లా, ఆ తడిసిన టోపీ పట్టుకుని. నేను కడిగాను. గంజి పెట్టాను. చట్టి మీద బోర్లించి ఆరబెట్టాను. కోపం. ఎవరి మీద చూపించను? తుపాకులున్న వాళ్ళ మీదా?

ఎదురుగా వాడు కూర్చునున్నాడు. పంతొమ్మిదేళ్ళు. తల దించుకుని.

అన్నానయ్యా. టోపీలు ఉతికే వాళ్ళు నలుగురున్నారు అక్కడ, వాళ్ళ ముందే అన్నాను. "నీ బాబు టోపీ కాలవలో పడుతుంటే చూస్తూ నిలబడ్డావా? ఇదిగో నా పైగుడ్డ, ఇది కట్టుకో. నీ టోపీ ఇటు పడెయ్, నేను పెట్టుకుంటాను. ఈ ఇంట్లో ఒక్క మగాడైనా ఉండాలిగా!"

వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

వాడు నెత్తి మీద టోపీ తీసి, మడత నలగకుండా నా చాప మీద పెట్టాడు. సాయంత్రపు అసర్ నమాజుకి పిలుపు వినపడుతోంది. లేచి వెళ్తుంటే మసీదుకే అనుకున్నాను. ఆరేళ్ళు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. తెలియని మాటా నాకు? కెల్లూ ఆ రోజు తన మొగుడి మోకాళ్ళకి నూనె రాసిందట. కొడుకులతో నీళ్ళు కాయించిందట. నేను? నేనేం చేశాను?

చెక్‌పోస్టు అబద్ధం కాదు బులామా. వాళ్ళు చేసింది వాళ్ళది. వాడు కూడా పసివాడేం కాదు, వాడి పాపం వాడిదే. అక్కడ ఏం చేశాడో నేనింకా అడగలేదు, నాకు భయం. కానీ రేడియో వాళ్ళు నా మాట కోశారని ఇందాకటి నుంచీ ఏడుస్తున్నానే... వాళ్ళకంటే ముందు నేనే కోశాను. గంట మాట్లాడి, ఈ ఒక్కటీ మింగాను.

ముద్ర వేస్తారో, వెయ్యరో మీ ఇష్టం. ముందు కెల్లూని అడగండి. ఆవిడ వద్దంటే నేను మళ్ళీ ఈ గడప తొక్కను.

ఆ కాయితంలో ఒక గడి ఉందిగా, ఎందుకు వెళ్ళాడు అని? అక్కడ బీదరికం అనీ, ఇంకేదో అనీ రాయకండి. నా పేరు రాయండి. యకాకా అని. ఈసారి మార్చకండి.