ఆదివారం ఫోను

పుంగనూరు, 2006 జూలై. ఫిన్లండులో ఒక సెమిస్టరు చదివి వచ్చిన రామకుప్పం ఉషారాణి, వచ్చే నెలలో అక్కడికే బయలుదేరుతున్న సుప్రియ ఇంటికి వచ్చింది. సుప్రియ వాళ్ల నాయనతో మదనపల్లెకు పోయి ఉంది. ఇంట్లో తల్లి మునెమ్మ ఒక్కతే ఉంది.

“రాగిపిండి ఎంత కట్టమంటావు ఉషా?”

“కొంచెం చాలత్తా. ఆడ బియ్యం దొరకతాయి. చెనిక్కాయల పొడి ఎక్కువ పెట్టండి. అన్నంలోకి, రొట్టెలోకి, దేన్లోకైనా పనికొస్తాది.”

“స్వెట్టర్లు?”

“ఈడ కొనొద్దు. ఈడివి ఆ చలికి యా మూలకూ సాలవు. ఆడ పాతబట్టల అంగళ్లు ఉండాయి, నేను కొనిందీ ఆడే. ఇంగొగటి, నవంబరు వస్తే మధ్యాన్నమే సీకటి పడతాది. రూములో ఒగతే కూసోకుండా నలుగురుండే తావుకు పొమ్మనండి.”

“నువ్వు కూసుంటివా?”

“నేనా... కొన్నాళ్లు కూసుంటి. నీళ్లు తాగండత్తా, మళ్లా దగ్గొస్తాండాది మీకు.”

“దగ్గు కాదులే. ఇంటికి ఫోను యా దినం చేస్తా ఉంటివి?”

“ఆదివారం. ఫోను కార్డు కొనుక్కోని.”

“కార్డులో డబ్బులు అయ్యేదాకా మీయమ్మే మాట్లాడునా?”

“అమ్మే. ముందరైతే నాయన కూడా.”

“ముందరంటే...”

“ఏనుగు తొక్కకముందు.”

“ఏమనుకోవద్దు తల్లీ. అడగకూడదు, అడగతాండా. ఆయన పోయినాక, నువ్వు తిరిగొచ్చేదాకా మీయమ్మ నీకు చెప్పలేదంట కదా. ఎట్ల దాచింది?”

“అవన్నీ యాలత్తా ఇప్పుడు?”

“చెప్పు.”

“నాయన యాడ అంటే, చేనికాడ కావలి ఉండాడు అనేది. రాగిచేను కోతకొచ్చింది, ఏనుగులు దిగతాండాయి, ఆయన ఆడే తిని ఆడే పండుకుంటాండాడు అనేది.”

“నువ్వు నమ్మితివి.”

“ఆయన ఎప్పుడూ ఆడే కదా ఉండేది.”

“ఏడస్తా చెప్పేదా?”

“లేదు. గట్టిగా చెప్పేది. మామూలు కన్నా గట్టిగా.”

“గట్టిగా. సరే. మరి ఊళ్లోవాళ్లు? నీతో చదివినోళ్లు?”

“అందరికీ చెప్పి పెట్టింది, పరీక్షలు అయ్యేదాకా నోరు మెదపొద్దని. బెంగులూరులో దిగినాక మామ కారులో చెప్పినాడు. అదీ వి.కోట దాటి, ఊరు దగ్గరికొచ్చినాక.”

“ఊళ్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టాల. అది నాకు తోచలేదు సూడు. మీయమ్మ యాడన్నా తప్పు చేసిందా? నీకు అనుమానం వచ్చేమాదిరి?”

“ఎవురికోసం అడగతాండారత్తా?”

“అడిగితే చెప్పేదానికేమి?”

“మీ ఆయన బాగుండాడు కదా?”

“ఆయనకేమి. టమోటా మార్కెట్టులో వేలంపాట పాడితే మదనపల్లె అంతా ఇనపడతాది. ఆ గొంతు నాకుండింటే బాగుండు.”

“మీ గొంతుకేమైంది?”

“ఏమీ కాలేదు.”

“అత్తా.”

“గడ్డ. రాయవేలూరు పెద్దాసుపత్రికి పోయి సూపించుకుంటిమి. ముక్క తీసి పరీక్ష చేసినారు. మంచిగడ్డ కాదంట. ఆపరేషను చేస్తే బతకతాను, మాట మాత్రం ఉండదంట. ఇంగ మాట్లాడలేవమ్మా అనినాడు డాక్టరు. మంచోడే. నాకు అర్థం కాలేదేమోనని మళ్లా చెప్పినాడు.”

“ఎప్పుడు రమ్మన్నారు?”

“ఈ నెలలోనే. పాప పోయినాక వస్తామని చెప్పి వచ్చేస్తిమి.”

“అంతవరకూ ఆగొచ్చంటనా?”

“ఆగకూడదంట.”

“ఆగకూడదంటే మీరు...”

“దానికి తెలిస్తే పోదు ఉషా. ఇంటర్ పరీక్షలప్పుడు మా అత్తకు పక్షవాతం వచ్చింది. ఇది పుస్తకం పక్కన పెట్టేసి ముసలామెకు నీళ్లు పోసింది, తల దువ్వింది. ఒగ ఏడాది పోయింది దానికి. పోతే పోయిందిలే మా అనింది. మళ్లా అదే అంటాది. ఈతూరి నాకోసం అంటాది. ఆ మాట నేను ఇనలేను.”

“మీ ఆయన ఏమంటాడు?”

“ఏమీ అనడు. సంగటిముద్ద ముందర పెట్టుకోని కూసోనుంటాడు.”

“అత్తా, ముందు ఆపరేషను చేయించుకోండి.”

“నేనొగటి అనుకుంటి. నవ్వొద్దు. మా తమ్మునింట్లో టేప్ రికార్డరు ఉండాది. ఇప్పుడే నా గొంతు దాంట్లో పెట్టేస్తే? తిన్నావా, చలిగా ఉండాదా, మేము బాగుండాము, నువ్వు బాగా చదువుకో. అంతే కదా. ఆదివారం ఫోనొస్తే మా పక్కింటి తిమ్మక్క ఆ టేపు ఫోను కాడ పెట్టి...”

“అది అడిగేదానికి టేపు జవాబు చెప్పదు కదత్తా.”

“తిన్నా అంటాది. ఇంకేమడగతాది?”

“ఏం కూర చేసినావు మా అంటాది.”

“అవును. అడగతాది. కుప్పం హాస్టల్లో ఉండి కూడా దినమూ అదే అడగతాది. అడిగి, అయ్యో నాకు లేదే అంటాది.”

“ఏడవద్దండత్తా. గొంతు నొప్పి పుడతాది.”

“అయితే నువ్వే చెప్పు, ఎట్ల చేయాల? మీయమ్మ చేసింది కదా. నువ్వు పరీక్షలు రాసి మంచి మార్కులు తెచ్చుకుంటివి కదా. మీయమ్మ చేసింది తప్పా?”

“తప్పని నేననలేదు.”

“మరి?”

“నాకు తెలుసత్తా.”

“ఏం తెలుసు?”

“నాయన పోయింది. ఆడ ఉండంగానే తెలుసు. ఒగ ఆదివారం అమ్మ చెప్పింది, కోత అయిపోయింది, రాగులు ఇంటికొచ్చేసినాయి అని. ఆ పై ఆదివారం నాయన యాడ అంటే, చేనికాడ కావలి ఉండాడు అనింది. కోసేసిన చేనికి ఎవురన్నా కావలి పోతారా?”

“నువ్వడగలేదా?”

“లేదు. సరే మా, నాయన్ను చలికి దుప్పటి కప్పుకోమను అంటిని.”

“యాల తల్లీ?”

“అడిగితే నిజం చెప్తాది. చెప్తే నేను వచ్చేయాల. వచ్చినా ఆయన ఉండడు. అంత గట్టిగా నిలబెట్టుకోని చెప్తాంటే, నేనొగ మాట అంటే ఆమె కూలిపోతాది అనిపించింది. కార్డులో ఇంగా డబ్బులు ఉండాయి, ఫోను పెట్టేస్తే అనుమానం వస్తాది. మంచు గురించి చెప్పినా. ఆ పైన ప్రతి ఆదివారమూ అదే. ఆమె కావలి గురించి చెప్పేది, నేను మంచు గురించి చెప్పేదాన్ని.”

“మీయమ్మకు తెలుసా, నీకు తెలుసని?”

“ఈ పొద్దుకీ తెలీదు. వి.కోట దాటినాక మామ చెప్తే, అప్పుడే ఇన్నట్టు ఏడిస్తిని. ఏడుపు మాత్రం నిజమే. నీళ్లు తాగండి.”

“అయితే నేను దాచినా తెలుస్తాది అంటావు. ఏం చేయమంటావు ఉషా నన్ను?”

“నాకు తెలీదత్తా. చెప్పండి అంటే అది పోదంటారు. చెప్పొద్దండి అంటే, ఆ సీకట్లో నేనెట్లుంటినో నాకు గుర్తొస్తాది. రెండిట్లో ఏదీ నా నోట్లోనుంచి రాదు.”

“పోనీలే. సామాను గురించే మాట్లాడుకుందాము. కుప్పంలో నిన్ను కలిసినప్పుడు పాప ఏమేం కావాలనింది?”

“సామాను గురించి ఒగ మాట కూడా అడగలేదు.”

“మరి ఈ రాగిపిండి, స్వెట్టర్లు?”

“అవి మీరడిగినారు, నేను చెప్పినా.”

“అదేమడిగింది నిన్ను?”

“మీ ఆయన తట్టుకోలేక పోయిన వారమే దానికి చెప్పేసినాడంట అత్తా.”

“చెప్పేసినాడా! అదేమనింది?”

“నేను పోకపోతే అమ్మ ఆపరేషనుకు పోదు, బతకదు, పోతానక్కా అనింది. గానీ అవతల అమ్మ మాట లేక ఊరికే ఇంటా ఉంటే, కార్డు అయ్యేదాకా నేనొగతే ఏం మాట్లాడాల, అని అడిగింది.”