తుల్సీరాం గారు స్కేలు పెట్టని కాగితం

1984 ఆగస్టు 16న ఉదయం పదిన్నర గంటలకు బానోతు తుల్సీరాం గారు జనగామలోని మన ఇంజనీరింగ్ ఉపవిభాగ కార్యాలయంలో ట్రేసరుగా చేరారు. 2013 మే 31న భూపాలపల్లి కార్యాలయం నుంచి డ్రాఫ్ట్స్‌మన్‌గా పదవీ విరమణ చేస్తున్నారు.

జనగామలో పనిచేసిన తొమ్మిదేళ్లలో ఆయన నేర్చుకున్నది గీయడం ఒక్కటే కాదు. నక్షా పట్టుకుని పని చేయవలసిన మేస్త్రీల్లో చాలామందికి అంకెలు రావని గమనించి, వారికి కొలకర్రలు తయారు చేసి ఇచ్చారు. కర్ర మీద ఒక గాటు నుంచి మరో గాటుకు అంగుళం. కాగితం మీద అంగుళం అంటే నేల మీద నాలుగడుగులు; మధ్యలో అడుగుకొక చిన్న గాటు. కర్రను గీత మీద ఆనించి, గాట్లు లెక్కపెట్టి, స్లాబులో వేసే ఇనుప కడ్డీ కోయవచ్చు. ఆ కర్ర అందుకున్నవారిలో, అప్పట్లో పని కోసం జనగామ వచ్చిన లక్ష్మా మేస్త్రీ ఒకరు.

1993లో మహబూబాబాద్‌కు బదిలీ అయ్యారు. అక్కడ పదమూడేళ్లలో, స్కేలు ఆనించి సరిచూడకుండా ఆయన బల్ల దాటి ఒక్క నక్షా వెళ్లలేదు. 2006లో భూపాలపల్లికి వచ్చారు. 2010లో కార్యాలయానికి కంప్యూటరు, దానితో పాటు ఇళ్ల నమూనాలు తయారు చేసే సాఫ్ట్‌వేరు వచ్చాయి. యాభై అయిదేళ్ల వయసులో ఆయన దానిని సివిల్ డిప్లొమా చదివిన తమ కుమార్తె అఖిల వద్ద మూడు నెలలు కూర్చుని నేర్చుకున్నారు. గోడ గీస్తే ఇల్లు లేచి నిలబడడం, కిటికీ జరిపితే గదిలో వెలుగు జరగడం చూసి, మొదటి రోజు భోజనం మరిచిపోయారని అఖిల చెప్పారు.

2011 సెప్టెంబరు 29న జరిగిన దానిని ఇక్కడ రాయమని తుల్సీరాం గారే కోరారు. వివరాలు అప్పుడు అక్కడ ఉన్నవారు చెప్పినవి.

అప్పటికి ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై పదిహేడు రోజులు. కార్యాలయానికి తాళం, బస్సులు బంద్, కరెంటు కోత. తుల్సీరాం గారు సహోద్యోగులతో కలిసి భూపాలపల్లి దీక్షా శిబిరంలో కూర్చున్నారు. అంతకు ముందు వారం, మొగుళ్లపల్లి మండలంలోని తండాలో లక్ష్మా కట్టుకుంటున్న సొంత ఇంటికి, రుసుము తీసుకోకుండా, ఇంట్లోని కంప్యూటరులో నమూనా చేసి ఇచ్చారు. ముందు స్తంభాలు లేకుండా మూడడుగులు బయటికి వచ్చే వసారా ఉంది. తెర మీద అది చూసి లక్ష్మా, "గిట్లనే కావాలె" అన్నారు.

పదకొండు గంటలకు లక్ష్మా భార్య నీలి శిబిరానికి వచ్చారు. స్లాబు పోసిన రోజు ఇచ్చే దావత్‌కు కోళ్లు కొనడానికి తమ్ముడి బండి మీద వచ్చి, పిలిచి పోదామని ఆగారు.

"అన్నా, మాపటికి రావాలె. నీ లెక్క జర ఎక్కువైంది. ఇనుప సలాకలు మిగిలినయ్."

పక్కనున్న సీనియర్ అసిస్టెంట్ రాజేందర్ నవ్వారు. "కంప్యూటర్ గూడ సమ్మెల ఉన్నట్టున్నది తుల్సీరామన్నా. లెక్క సక్కగ జేస్తలేదు."

తుల్సీరాం గారు నవ్వలేదు. "ఏ సలాకలు?"

"వసారాయి."

"ఏ కాగితం జూసి కోసిండ్రు?"

"నువ్వు ఆఖరికి పంపిన చిన్న కాగితమే."

"కర్ర పెట్టిండా?"

"పెట్టకుంటె ఎట్ల? ఆయనకు అంకెలొస్తయా?"

తుల్సీరాం గారు అదే ప్రశ్న మళ్లీ అడిగారు. నీలి అదే జవాబు చెప్పారు. ఆయన లేచి, చెప్పులు కాళ్లకే ఉండగా చెప్పుల కోసం వెతికారు.

ఆ కాగితం జిరాక్స్ సెంటరులో ముద్రించినది. ఏ-త్రీ కాగితాలు అయిపోవడంతో అక్కడివారు నక్షాను ఏ-ఫోర్‌లో పట్టేలా కుదించారు. అంకెలు సరిగానే ఉన్నాయి. అవి చూసి తుల్సీరాం గారు పంపించారు. స్కేలు ఆనించలేదు. వసారా కడ్డీ పొడవు తొమ్మిది అడుగులు: మూడు బయటికి, ఆరు గది మీదికి. కర్ర చూపింది ఆరడుగుల నాలుగంగుళాలు. గది మీద పట్టు చాలక, కింద ఆసరాగా పెట్టిన చెక్కలు తీసిన నాడు వసారా కింద ఉన్నవారి మీద పడుతుంది.

"పోసుడు మొదలైందా?"

"తెల్లారంగనే."

లక్ష్మా ఫోను కలవలేదు. రాజేందర్ స్కూటరు తీశారు. చెల్పూర్ వద్ద రోడ్డుకు అడ్డంగా సమ్మెవారి వంటావార్పు. వాలంటీర్లు ఆపారు.

"సమ్మెల ఉండి పనికి పోతున్నరా?"

"పనికి కాదు తమ్మీ, పని ఆపనీకి పోతున్నం" అన్నారు రాజేందర్. దారి ఇచ్చారు.

తండా చేరేసరికి పన్నెండుంపావు. గదులు పూర్తయ్యాయి. వసారా పోసి ముప్పావు గంట. తుల్సీరాం గారు నిచ్చెన ఎక్కారు.

"లక్ష్మా, వసారా ఎత్తెయ్."

"పోసింది ఎత్తుడేందన్నా?"

"సలాక పొట్టిగైంది. పడ్తది."

లక్ష్మా జేబులోంచి కాగితం, నడుముకున్న కర్ర తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించారు. "నువ్వు జేసిచ్చిన కర్రనే. గిది తప్పు జెప్తదా?"

"కర్ర తప్పు గాదు. నీ తప్పు గాదు. కాగితం చిన్నగైంది, నేను జూడలే."

పద్నాలుగు మంది కూలీలు పారలు పట్టుకుని నిలబడ్డారు. కింద కోళ్లతో వచ్చిన నీలి కూడా విన్నారు. ఇరవై ఏడేళ్లుగా తుల్సీరాం గారి గీతను ఏ మేస్త్రీ రెండోసారి కొలవలేదు. ఆయన ఒక తట్ట తీసుకుని, వంగి, చేతులతో కాంక్రీటు ఎత్తడం మొదలుపెట్టారు. తర్వాత లక్ష్మా వంగారు. వసారా అంతా, గోడ మీది నుంచి గది వైపు ఆరడుగుల మేర తీసి, తొమ్మిదడుగుల కడ్డీలు కట్టి, కొత్త కాంక్రీటు పోసేసరికి సాయంత్రం ఆరు.

"దావత్ జేద్దామా వద్దా?" అని నీలి అడిగారు.

"కోళ్లు ఏం తప్పు జేసినయే, ఇడిసిపెట్టు" అన్నారు లక్ష్మా. ఆ రోజు అందరూ పప్పు తిన్నారు.

సమ్మె ముగిశాక తుల్సీరాం గారు జరిగినదంతా రాసి కార్యాలయాధికారికి స్వయంగా ఇచ్చారు. ఎవరూ అడగలేదు. ఆ నాటి నుంచి ఆయన ప్రతి నక్షా అడుగున అంగుళాల పట్టీ ఒకటి గీస్తున్నారు. కాగితం కుదిస్తే పట్టీ కూడా కుదించుకుపోతుంది, మేస్త్రీ కర్రను ముందు దాని మీద ఆనించి చూసుకుంటారు. ఇప్పుడు మూడు కార్యాలయాల్లోనూ అది లేకుండా నక్షా బయటికి వెళ్లడం లేదు.

తుల్సీరాం గారు, వారి సతీమణి చంద్రి గారు ఆరోగ్యంతో నూరేళ్లు ఉండాలని, ఆయన గీసిన ఇళ్ల నీడన ఆయనకు పిలుపులు అందుతూనే ఉండాలని సహోద్యోగులందరూ కోరుకుంటున్నారు.

అటువంటి పిలుపు ఒకటి ఈ నెల 26న వచ్చింది. లక్ష్మా ఇంటి వసారాలో పంతొమ్మిది మందికి విస్తళ్లు వేశారు. తుల్సీరాం గారు నిచ్చెన తెప్పించుకుని, వసారా పైకప్పును అంచు నుంచి గోడ దాకా చూశారు. పగులు లేదు. దిగి, చేతులు కడుక్కుని, కూర్చున్నారు.