నడుం కొలత

"ఊపిరి బిగబట్టకు. మామూలుగా పీల్చు."

"పీలుస్తున్నానక్కా. నా మామూలు ఇదే."

(కుట్టు మెషీను ముందు ముక్కాలిపీట మీద అక్క. ఆవిడకి ఎదురుగా, యూనిఫాం ప్యాంటు వేసుకుని రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డ తమ్ముడు. ఆవిడది దర్జీ పని, వాడు బస్సు డ్రైవరు.)

"చూశావా, గుండీ దగ్గర వేలు కూడా దూరట్లేదు. వానలకి ముందు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. తగ్గిందీ లేదు, పాడూ లేదు."

"లేదంటావా."

"నేనెందుకంటాను, బట్ట అంటోంది. ఆ తూకం మెషీన్లు ఒక్కోచోట ఒక్కోలా చెప్తాయి. బట్ట అబద్ధమాడదు."

"మరి రోజూ తెల్లారగట్ల డిపో చుట్టూ తిరుగుతున్నానే. మొన్న మా కండక్టరు చూసి, ఏంటి గురూ, బస్సు పోగొట్టుకున్నావా అన్నాడు."

"నడిస్తే సరిపోతుందా? నోరు కట్టుకోవాలి."

"మొదట్లో అదే చేశాగా. కడుపు మాడ్చుకుని స్టీరింగు పట్టుకుంటే సిగ్నల్ దగ్గర కునుకు పట్టింది. వెనక బస్సు నిండా జనం."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే ఇంకో కంచం పెడతావని. తర్వాత, నడుస్తున్నాను కదా అని ధైర్యంగా తిన్నాను. పొద్దున్న కరిగిందంతా మధ్యాహ్నానికి కేంటీన్లో తిరిగొచ్చేసేది. ఆస్పత్రిలో తిండి గురించి చెప్పే అమ్మాయి ఉంది చూడు, కళ్ళజోడు అమ్మాయి. ఆవిడే దారిలో పెట్టింది. తిండి మానేసి నడవకు, నడిచానని చెప్పి తినకు, రెంటికీ పొత్తు కుదరాలి అంది. బ్రేకూ, యాక్సిలేటరూ ఒకేసారి తొక్కితే బండి ఏమవుతుందో నాకొకరు చెప్పాలా?"

"ఆ అమ్మాయికి పెళ్ళయిందా?"

"మాట మార్చకు."

"మార్చట్లేదు, అడిగాను. సరే, ఇది తిను. కొంచెం తీపి చేశాను."

"కొంచెమా? ఇది గిన్నె."

"గిన్నెలో కొంచెం."

"అక్కా, నీ కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. రోజు విడిచి రోజు డయాలసిస్ అని వెళ్ళి రక్తం కడిగించుకుని వస్తున్నావు. నా కిడ్నీ నీకు సరిపోతుందన్నారు. కాకపోతే ఈ ఒంటికి కత్తి పెట్టం, తగ్గి రా అన్నారు. నేను తగ్గాలని చస్తుంటే నువ్వు గిన్నె పట్టుకుని ఎదురొస్తావు."

"నాకేం, బానే ఉన్నాను. అక్కడ ఏసీ గది, పడుకోడమే. ఇంట్లో ఎప్పుడన్నా పడుకున్నానా నేను?"

"మొన్న మెట్లెక్కుతూ సగంలో కూలబడిపోయావట. కింద ఇస్త్రీ ఆయన చెప్పాడు."

"ఆయనకి పనిలేదు."

"అరగంట లేవలేదట."

"కూచుంటే తప్పా? మెట్లు నావి కూడా. సరేలే, నా మాట విను. ఇది నీవల్ల అయ్యేది కాదురా. మనది నాన్న ఒళ్ళు, ఎంత నడిచినా అంతే. అనవసరంగా అలిసిపోతున్నావు. డాక్టరుకి చెప్పేద్దాం, వీడి వల్ల కాదని."

"చెప్పేద్దామా?"

"నీకు మొహమాటమైతే నేను చెప్తాను."

"సరే. ముందొకటి అడుగుతాను. నా వాచీ మోచేతి దాకా ఎందుకు జారుతోంది?"

"గొలుసు సాగి ఉంటుంది."

"ఉంగరం?"

"చేతికి సబ్బు అయి ఉంటుంది."

"చొక్కా భుజాలు దిగిపోతున్నాయి."

"ఆ గుడ్డే అంత. ఉతికిన కొద్దీ సాగుతుంది."

"చొక్కా ఏమో సాగుతుంది, ప్యాంటు ఏమో కుంచించుకుపోతుంది. రెండూ ఒకే షాపులో, ఒకే పూట కొన్నాం కదక్కా."

"..."

"మాట్లాడవేం?"

"నోట్లో గుండుసూది ఉంది."

"నోట్లో ఏం లేదు."

"ఇప్పుడే తీశాను."

"ప్యాంటు తిరగేస్తే వెనక కుట్టు పక్కన పాత కుట్ల చిల్లులు కనిపిస్తున్నాయి. ఒక వరస కాదు. జిప్పు చూస్తాను ఇచ్చెళ్ళు అన్నప్పుడొకటి, అంచు ఊడిందన్నప్పుడొకటి. నీ చేతికొచ్చినప్పుడల్లా ఇంకొంచెం లోపలికి కుట్టావు. ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు."

"ఎందుకు కుట్టావు?"

"ఎందుకేంటిరా? అమ్మ పోయేనాటికి నువ్వు పాకుతున్నావు. నిన్ను ఒళ్ళో వేసుకుని ఈ మెషీను తొక్కాను. నీ వేలికి సూది గుచ్చుకుంటే నాకు ఆ పూట అన్నం దిగేది కాదు. అలాంటిది ఇప్పుడు నిన్ను బల్ల మీద పడుకోబెట్టి కోయించి, నీ లోపలిది తీసుకుని నేను బతకాలా? నీకు పసిపిల్ల ఉంది. ఏదన్నా అయితే మరదలి మొహం ఎలా చూడను? నాకు భయంరా. నేను వద్దంటే నువ్వు వినవు. అందుకే బట్ట చేత చెప్పించాను."

"నాకు మొదట్లోనే తెలిసిపోయింది."

"ఏం తెలిసింది?"

"నువ్వు లోపలికి కుడుతున్నావని."

"మరి అడగలేదేం?"

"పనికొస్తోందని. ప్యాంటు అంత బిగుతుగా ఉంటే రెండోసారి వడ్డించుకోబుద్ధి కాదు. సీట్లో కూచున్నప్పుడల్లా నడుం పట్టేసి, తినకు అని ఎవరో చెప్తున్నట్టుండేది. కాస్త వదులైందనిపిస్తే చాలు, నీ దగ్గరికి తెచ్చేవాణ్ణి. ఆ జిప్పుకి ఏ రోగమూ లేదు."

"నేనూ అనుకున్నాను, జిప్పు బానే ఉందేంటా అని."

"అంచు కూడా నేనే ఊడదీశాను."

"బ్లేడుతో కోసినట్టుంది. ఎలకలనుకున్నాను."

"ఎలకలు కాదు."

"మరి నేనిచ్చిన తీపి గిన్నెలు? రోజూ ఖాళీ చేసి కడిగి తెచ్చేవాడివి కదరా."

"కండక్టరు తినేవాడు. వాడికి ఇప్పుడు నిజంగానే ప్యాంట్లు పట్టట్లేదు. నిన్ను కలవాలంటున్నాడు."

"అంటే, నీ ఒళ్ళు తగ్గించింది నేనా?"

"నడక నాది. కుట్టు నీది."

"ఎంత తగ్గావు?"

"వాళ్ళు అడిగిన దానికంటే కొంచెం ఎక్కువే. పొద్దున్న ఆస్పత్రిలో తూచారు. వచ్చే నెల మొదటి వారంలో ఇద్దర్నీ వచ్చి చేరమన్నారు."

"నేను రాను."

"సరే."

"సరే అంటే?"

"రాకపోతే నేను ఇలాగే నడుస్తూ ఉంటాను. నువ్వు కుడుతూ ఉండు. ఇంకేం చేస్తాం."

"బెదిరిస్తున్నావా?"

"లేదక్కా. భయం నీ ఒక్కదానికేనా? నువ్వు మెట్ల మీద కూలబడ్డావని ఇస్త్రీ ఆయన ఫోన్ చేసిన రోజు, బస్సు పక్కకాపి ఏడ్చాను."

"జనం ఉండగానా?"

"ఉండగానే. పంక్చరని చెప్పాను. ఇద్దరు పెద్దమనుషులు దిగి, చక్రాలన్నీ నొక్కి చూసి, బానే ఉన్నాయి పోనీ బాబూ అన్నారు."

"పోనిచ్చావా?"

"కాసేపాగి పోనిచ్చాను."

"మరదలికి తెలుసా ఇదంతా?"

"ఆపరేషన్ కాగితాల మీద సంతకం కూడా పెట్టింది. మీ అక్క లేకపోతే నిన్ను నేనొక్కదాన్నే భరించలేను అంది."

"అంత మాట అందా?"

"ఏడుస్తున్నావా?"

"ఆ తువ్వాలు చుట్టుకుని, ప్యాంటు విప్పి ఇటివ్వు."

"ఎందుకు?"

"ఇంత బిగుతుది వేసుకుంటావా అప్పుడు? ఇవన్నీ విప్పేసి నడుం పట్టీ వదులు చెయ్యాలి. లోపల మెత్తటి గుడ్డ వెయ్యాలి, ఒరుసుకోకుండా. అలా చూస్తావేం, చెప్పు. ఏ పక్క కోస్తారన్నారు?"