వదలని గొలుసులు

కిటికీ అవతల రాయదుర్గం మెట్రో వెళ్తున్నా సంయుక్త తలెత్తలేదు. చేతిలో పెన్నుతో మైక్రోస్కోప్ తెరనే చూస్తోంది. పక్కన ల్యాబ్ అసిస్టెంట్ వేణు.

“మేడం, కణాలల్ల ఈ ప్రోటీన్ చుక్కలు కలుస్తలేవేంది? గోలీల లెక్క గట్టిగున్నయ్.”

“చుక్కలోని ప్రోటీన్ గొలుసులు ఒకదాన్నొకటి పట్టుకోవాలి, వదలాలి. అప్పుడే అది నీళ్ళలా ఉంటుంది. ఇవి పట్టుకుని వదలడం లేదు.”

“ఇవి గా నరాల జబ్బున్న పేషెంటు కణాలా?”

“ఆయనవి పక్క ప్లేటులో ఉన్నాయి. ఇవి పోల్చి చూడ్డానికి పెట్టుకున్న మంచి కణాలు.”

“ఎవరియి?”

“నావే. పోయినేడాది నా చర్మం నుంచే తీశాం.”

“ప్లేట్లు తారుమారైనయేమో మేడం. ఇంకోటి తీస్తా. పేరు రాయాలె, గా పెన్ను ఇటియ్యున్రి.”

“ఇద్దామనే చూస్తున్నా వేణూ. వేళ్ళు వదలడం లేదు.”