ఇరవై మాటల్లో ఒకటి

దివ్యాంగుల రక్షణ విభాగంలో ఓ చిన్న గది. బల్లకి ఒకవైపు విచారణ అధికారిణి, రెండోవైపు తమ్ముడి తరఫున ఫిర్యాదు ఇచ్చిన అక్క.

“…అదే చెప్తున్నా మేడమ్, మా తమ్ముడి జబ్బ మీద నాలుగు వేళ్ళూ అచ్చు గుద్దినట్టున్నాయి. మనిషికి ముప్పై ఒకటొచ్చినా బుద్ధి చిన్నప్పుడే ఆగిపోయింది. ఎక్కడ నొప్పో చెప్పడం కూడా సరిగ్గా రాదు. అలాంటివాణ్ణి కొట్టిన ఆయాని ఊరికే వదిలేస్తారా?”

“వదలం. అందుకే కదా ఈ చట్టం. చూసుకునేవాళ్ళు చెయ్యి చేసుకున్నా, తిండి మాన్పించినా, గదిలో పెట్టి గొళ్ళెం వేసినా నేరమే. ముందు మీరు కూర్చోండి.”

“కూర్చునే తీరిక లేదు. టికెట్ కౌంటర్లో నా బదులు ఇంకొకామెని కూర్చోబెట్టి వచ్చా.”

“నాలుగు ప్రశ్నలు, అంతే. ఆయా ఎన్నాళ్ళుగా వస్తోంది?”

“ఏడు నెలలు.”

“అంతకుముందు?”

“ఎవరున్నారు? అమ్మ పోయిన దగ్గర్నుంచీ నేనే. పదకొండేళ్ళు. స్నానం నేనే, గడ్డం గీయడం నేనే, చొక్కా గుండీలు పెట్టడం నేనే. నేను డ్యూటీకెళ్తే పక్కింటి పెద్దావిడ ఓ కన్నేసి ఉంచేది. ఆవిడ ఇల్లు మారాక, తప్పక ఈవిణ్ణి పెట్టుకున్నా.”

“ఇప్పుడు గుండీలెవరు పెడుతున్నారు?”

“…వాడే పెట్టుకుంటున్నాడు.”

“ఎవరు నేర్పారు?”

“నేర్పడం నాకు మాత్రం చేతకాకనా? పొద్దున్నే బస్సు అందుకోవాలి, గుండీకో గంట నిలబడే టైము నాకెక్కడిది? ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని, వీధంతా ఇప్పుడు ఆవిడ పాటే. ‘అబ్బ, ఏడు నెలల్లో పిల్లాణ్ణి ఎంత మార్చిందమ్మా!’ నా మొహం మీదే అంటారు. మరి పదకొండేళ్ళూ నేనేం చేసినట్టు?”

“నేనడిగింది గుండీల గురించే.”

“నేనూ గుండీల గురించే చెప్తున్నా! ఆవిడ వాణ్ణి మందు పెట్టి తిప్పుకుంది మేడమ్. ఇదివరకు నేను గేటు తీస్తే చాలు, ఎదురొచ్చేవాడు. ఇప్పుడు నేనొచ్చానంటే ఆవిడ వెళ్ళిపోయే టైమైందని వాడికి తెలుసు. నన్ను చూడగానే మొహం ముడుచుకుంటాడు. నన్ను! ఆవిణ్ణి ఏమని పిలుస్తాడో తెలుసా?”

“ఏమని?”

“అక్క.”

“మిమ్మల్ని పిలిచే మాటతోనేనా?”

“వాడికొచ్చిన మాటలే మహా అయితే ఇరవై. అందులో నాది ఒక్కటి. అదీ తీసుకెళ్ళి ఆవిడకిచ్చేశాడు.”

“కాసిని మంచినీళ్ళు తాగండి.”

“వద్దు. కేసు రాయండి.”

“రాస్తాను. దెబ్బ ఎప్పుడు తగిలింది?”

“శనివారం. నేనొచ్చేసరికే కమిలిపోయి ఉంది.”

“మరి ఆదివారం డాక్టరుకి చూపించలేదా?”

“ఆదివారం… ఆదివారం ఆవిడకి సెలవు. ఇంట్లో వాడూ నేనూ అంతే.”

“ఎలా గడిచింది?”

“ఎలా గడుస్తుంది? ఏడింటికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు, అక్కా అక్కా అంటూ. ‘ఇక్కడున్నాగా నాన్నా, వెనక్కి చూడు’ అంటున్నా నేను. చూడడే! వీధి చివరికేసి చూస్తూ అక్కా అక్కా అక్కా… ఇదంతా ఇప్పుడెందుకు? శనివారం అని రాసుకోండి.”

“అతనితో కూడా విడిగా మాట్లాడాలి. దెబ్బ తిన్నవాళ్ళ మాట ముందు వినమంటుంది చట్టం.”

“ఏముంది వినడానికి? ‘అక్క’ అంటాడు. ఏ అక్కో మీరెలా తేలుస్తారు?”

“అంత కష్టం ఉండకపోవచ్చు. మీ ఫిర్యాదు మీద పిలిపిస్తే నిన్న ఆయా వచ్చింది.”

“వచ్చి ఉంటుంది. నా మీద నాలుగు చెప్పి ఉంటుంది.”

“మీ గురించి ఒక్క మాట చెప్పలేదు. సోమవారం స్నానం చేయిస్తూ గుర్తులు చూశానంది. తర్వాత నన్నే అడిగింది, ‘ఆయా చేసిందంటే ఏమవుతుంది, ఇంట్లోవాళ్ళు చేశారంటే ఏమవుతుంది?’ అని.”

“మీరేమన్నారు?”

“ఉన్నమాటే చెప్పాను. చట్టం ముందు ఆయా అయినా అక్క అయినా ఒకటే. కాకపోతే ఇంట్లోవాళ్ళయితే, విచారణ తేలేదాకా అతన్ని ఆ ఇంట్లో ఉంచం. వసతి గృహానికి పంపాల్సి రావచ్చు.”

“వసతి గృహమా? వాడు కొత్త చోట కన్ను కూడా మూయడు మేడమ్!”

“ఆవిడా అదే మాటంది.”

“…తర్వాత?”

“కాసేపు కొంగు ముడేస్తూ విప్పుతూ కూర్చుంది. ‘అయితే నేనే చేశానని రాసుకోండమ్మా’ అంది. ఇదిగో, వేలిముద్ర కూడా వేసింది. మీరు సంతకం పెడితే నా పని సగం అయిపోతుంది.”

“ఆవిడ… చేశానందా?”

“అంది.”

“అలా ఎలా అంటుంది?”

“వచ్చిన దగ్గర్నుంచీ మీరంటున్నదీ అదేగా. పెట్టండి సంతకం.”

“పెన్ను… ఆగండి. జైలుకైనా పోతానందా? వాడి కోసం? ఏడు నెలల కిందటొచ్చిన మనిషి?”

“అలాగే ఉంది.”

“కుదరదు. వాడి కోసం నింద మోసేది కూడా ఆవిడేనా? అదైనా నాకు మిగలొద్దా?”

“ఏమంటున్నారు మీరు?”

“ఆ కాగితం చింపెయ్యండి. ఆదివారం వాణ్ణి గుమ్మంలోంచి లోపలికి లాగింది నేను. రానన్నాడు. ఇంకా గట్టిగా పట్టుకున్నా. కుయ్యిమని ఏడ్చాడు, అయినా వదల్లేదు. కొట్టాలని కాదు మేడమ్… ఒక్కసారి నా వైపు తిరుగుతాడని.”

“ఇది రాస్తే వెనక్కి తీసుకోవడం ఉండదు. తెలిసే చెప్తున్నారా?”

“తెలిసే.”

“ఇవాళ సాయంత్రానికల్లా అతన్ని మీ ఇంట్లోంచి తీసుకెళ్ళాలి. అతనికి బాగా అలవాటైన మనిషి, నమ్మకంగా చూసుకునే మనిషి ఎవరైనా ఉంటే, మేం ఒప్పుకుంటే వాళ్ళింట్లో ఉంచొచ్చు. లేదంటే వసతి గృహమే. బంధువులెవరైనా ఉన్నారా?”

“అమ్మ పోయాక వాడికి బంధువంటే నేనే.”

“ఇంకెవరూ లేరా అమ్మా?”

“రాసుకోండి మేడమ్. ఆయా ఇంటి అడ్రసు చెప్తాను.”