ఒకటో రకం గడ్డ

"చెక్క మీద వేలితో ఒక్కసారి కొడితే చాలు, దాని గ్రేడు చెప్పేస్తాను. ఇందులో గొప్పేం లేదు, టింబరు డిపోలో ఏళ్ళ తరబడి అదే పని కాబట్టి చేతికి అబ్బింది. పోనుపోను కొట్టే అవసరమూ లేకపోయింది. దుంగల లారీ వీధి మలుపులో మూలిగితే, నేను ఇంట్లో స్నానం చేస్తూనే ‘పైన రెండో రకం, అడుగున మూడో రకం’ అని కేకేసేవాణ్ణి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను అడవిలో అడుగు పెడితే చెట్లే గ్రేడు ప్రకారం వరసలో నిలబడేవి!"

"మరి వంకర చెట్లో, అన్నా?" అన్నాడు టీ తాగుతున్న మేస్త్రీ.

"సిగ్గుపడి నిటారయ్యేవి. విను. అంతటివాడికి మెడలో గడ్డ లేస్తే తెలియలేదు. కనిపెట్టిందెవరు? ఇదిగో, ఈ సెలూన్ వాడు. జుట్టు కత్తిరిస్తూ చెవి కింద తడిమి, కత్తెర పక్కన పడేసి, సగం క్షవరంతోనే నన్ను ఆసుపత్రికి లాక్కుపోయాడు. పొందిన మేలు నలుగురిలో చెప్పని నోరు నోరే కాదు, అందుకే చెబుతున్నా."

సెలూన్ అతను బిస్కెట్ టీలో ముంచుకుంటూ తల వంచుకున్నాడు.

"ఆపరేషన్ బల్ల మీద నాకు మత్తు ఎక్కితేనా! ‘డాక్టరమ్మా, అడ్డంగా కాదు, చెక్కని కోసినట్టు చార వెంట కొయ్యండి’ అని దగ్గరుండి కోయించాను. కరెంటు పోతే దీపం పట్టింది కూడా నేనే. గడ్డ బయటికొచ్చింది. గుమ్మడికాయంత! నలుగురు మోశారు. వేలితో కొట్టాను, ఖంగుమంది. ‘ఒకటో గ్రేడు’ అన్నాను. పరీక్షలో అదే తేలింది! బడిలో నాకు ఏనాడూ రాని ఒకటో గ్రేడు ఆసుపత్రిలో వచ్చింది! డాక్టరమ్మ నోరెళ్ళబెట్టింది, నేను పకపకా నవ్వి..."

"నవ్వావా, బాబాయ్?" సెలూన్ అతను గ్లాసు కింద పెట్టాడు. "‘గ్రేడు ఒకటి’ అని వినగానే నా మీద పడి గొల్లుమన్నాడండీ. ‘ఒరేయ్, ఒకటో రకమంటే చెద కూడా పట్టదురా, ఎన్నేళ్ళైనా చెక్కు చెదరదురా, ఇక నా పని అయిపోయిందిరా’ అని!"

మేస్త్రీకి పొలమారింది. "మా కాంక్రీటులో అయితే అంకె పెరిగితేనే గట్టిదన్నా! ఒకటంటే చేత్తో నలిపేయొచ్చు."

"డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. ‘ఇక్కడ ఒకటంటే అన్నిటికన్నా మెతకది. పూర్తిగా తీసేశాం, ఇంటికెళ్ళండి’ అంది. అప్పుడు వదిలాడు నన్ను."

బాబాయ్ చెయ్యి మెడ మీదికి పోయింది.

"వదిలానని ఎవడన్నాడురా? రేపు పొద్దున్నే కొట్టు తియ్యి, వస్తాను. క్షవరానికి కాదు. అక్కడ ఇంకోసారి తడిమి చూద్దువుగాని."